ఎర్రబడితే మంచిదనుకున్నాం

నా కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే కాస్త లావుగా ఉంటుంది. మణికట్టు నుంచి భుజం దాకా ఒంటిరంగు తొడుగు ఒకటి బిగుతుగా వేసుకుంటాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఊరుకోరు, "కాలిందా అక్కా?" అని అడుగుతారు. కాలలేదు, వాచింది, ఆ వాపు అంత ముదరడానికి కారణం నేనే అని చెప్పడం మొదలుపెడితే హన్మకొండ నుంచి మట్టెవాడ వచ్చేదాకా చెప్పినా అవదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మసాజ్ పని నేర్చుకుంటున్న పిల్లలు చదవాలి. క్యాన్సర్ వచ్చి చంకలో గ్రంథులు తీయించుకున్న ఆడవాళ్ళూ చదవాలి. ఎవరినీ భయపెట్టాలని కాదు. నేను బాగానే ఉన్నాను. కొత్తగా మొలిచిన పొట్టి జుట్టు నేనే దువ్వుకుంటున్నాను, మా ఆయన్ని ఎప్పట్లాగే కోప్పడుతున్నాను.

నా పేరు రజిత. నలభై నాలుగేళ్ళు. మా ఆయన రమేశ్‌కు మట్టెవాడలో కరెంటు సామాను దుకాణం ఉంది, దాని వెనకే మా ఇల్లు. బాలింతలకు ఒళ్ళు రుద్దడం, పసిపిల్లలకు నీళ్ళు పోయడం నా పని. కాళ్ళు చాపుకొని, వాటి మీద పిల్లను బోర్లా పడుకోబెట్టుకొని, నూనె మర్దన చేసి వేడినీళ్ళు పోసే పని చూడటానికి సులువు. చేసి చూడండి, నడుము చెబుతుంది. ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మది వర్ధన్నపేట. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పిల్లలు అమ్మ కాళ్ళ మీదే పెరిగారు. అమ్మకు ఒకటే లెక్క, రుద్దితే ఒళ్ళు ఎర్రబడాలి. "ఎర్రవడ్డదంటే నెత్తురు కదిలినట్టు. తెల్లగనే ఉన్నదంటే నువ్వు నూనె పూసినవ్, రుద్దలే" అనేది. నేనూ అదే నమ్మి పదిహేనేళ్ళు పని చేశాను.

పని వచ్చినా చేతిలో సర్టిఫికెట్ కాగితం లేదని కిందటేడు జూన్‌లో హన్మకొండలో ఒక మసాజ్ శిక్షణ కేంద్రంలో చేరాను. తరగతిలో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. నన్ను అక్కా అక్కా అని పిలిచి, నోట్సు మాత్రం నా దగ్గర కాపీ కొట్టేవాళ్ళు. గోడకు రెండు పటాలు ఉండేవి. ఒకదాంట్లో ఒళ్ళంతా సన్నటి ఆకుపచ్చ గీతలు, మెడలో, చంకల్లో, గజ్జల్లో గింజల్లాంటి చుక్కలు. అది లింఫ్ పటం. రక్తనాళాల్లోంచి బయటికి ఊరిన నీటిని పోగుచేసి మళ్ళీ రక్తంలో కలిపే దారులు అవి, దారిలో ఆ గింజలు మురికిని వడగడతాయి. రెండో పటంలో రంగురంగుల గీతలు. మన యోగంలో చెప్పే నాడులు, చైనావాళ్ళు చీ అని పిలిచే శక్తి నడిచే దారులు, థాయ్ మర్దనలో చెప్పే సెన్ గీతలు, అన్నీ దాని మీదే చూపించేవారు మా సారు.

సారు మంచివారే. కాకపోతే మాకు సులువుగా అర్థం కావాలని ఒకరోజు, "రెండూ ఒకటే అనుకోండమ్మా. పెద్దలు ప్రాణశక్తి అన్నరు, డాక్టర్లు లింఫ్ అంటున్నరు. ఆగిన చోట ఒత్తితే తెరుచుకుంటది" అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే నోట్సులో దాని కింద రెండు గీతలు గీసుకున్నాను. పదిహేనేళ్ళుగా నేను చేస్తున్న పనికి శాస్త్రం దొరికిందని పొంగిపోయాను.

ఆగస్టులో కుడి రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. సెప్టెంబరులో ఆపరేషన్. తర్వాత కీమో మందులెక్కించారు, కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషనూ ఇచ్చారు. మార్చి దాకా సరిపోయింది. ఆ నెలల గురించి ఎక్కువ రాయను, చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు గుర్తున్నది దవాఖాన వరండాలో ఇనుప కుర్చీలు, మన నంబరు వచ్చేదాకా ఎదుటివాళ్ళ రిపోర్టుల కవర్లు ఎంత లావున్నాయో చూస్తూ కూర్చోవడం. ఒకరోజు పాలకుర్తి నుంచి వచ్చిన ఒకామె నన్ను తేరిపార చూసి, "నువ్వు మా కోడలికి నీళ్ళు పోసిన రజితక్కవు కదా? నెత్తిన రుమాలుంటె గుర్తువట్టలే" అంది. తన సంచిలోంచి బత్తాయి తీసి, ఒలిచి, గింజలు తీసి ఒక్కొక్క తొన నా చేతిలో పెట్టింది. ఆ రోజు ఇంకేదీ కడుపులో నిలవలేదు, ఆ బత్తాయి నిలిచింది.

భయపడ్డాను, దాచుకోవడం ఎందుకు. అందరిలాగే ప్రాణానికీ భయపడ్డాను. కానీ కుడివైపు అనగానే నాకు ముందు నా చెయ్యే గుర్తొచ్చింది. ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ చంకలో గ్రంథులు తీసేయాల్సి వస్తుందనీ, తర్వాత ఎప్పుడైనా చెయ్యి వాచవచ్చనీ, వాస్తే ఆ రోజే రావాలనీ చెప్పి ఒక కాగితం ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల కింద దాచాను. మర్దన తెలిసిన నాకు వాపు గురించి కాగితం చెప్పాలా అనుకున్నాను.

ఏప్రిల్ చివర గాజులు బిగుసుకున్నాయి. సబ్బు రాసి తీసినా రెండు పగిలాయి. వారం తిరిగేసరికి ముంజేయి బరువెక్కింది, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. రమేశ్ చూసి, "దవాఖానకు పోదాం పా" అన్నాడు. "ప్రతి దానికీ దవాఖానేనా? ఏడు నెలలు తిరిగిన, చాలదా?" అని కసిరాను. నాకు కారణం తెలుసని నా ధీమా. చంకలో దారి ఆగిపోయింది, ఆగిన చోట ఒత్తితే తెరుచుకుంటుంది. నోట్సు తీసి మళ్ళీ చదువుకున్నాను కూడా. అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ మధ్యాహ్నం బస్సుకే నువ్వుల నూనె సీసాతో దిగింది. చేతిని చూసి కొంచెం జంకింది. "ఆపరేషన్ చేసిన దిక్కు రుద్దచ్చునా బిడ్డా?" అంది.

"నేను చదువుకున్ననే అమ్మా. శక్తి ఆగింది గాడ. నువ్వు చంకల బొటనవేలు పెట్టి గట్టిగ ఒత్తు, తర్వాత కిందికెల్లి మీదికి గుంజు" అన్నాను.

మూడు రోజులు చేసింది. నూనె వేడి చేసి, బాలింతకు రుద్దినట్టు రుద్ది, కాగిన నీళ్ళు పోసింది. మొదటి రోజు నొప్పిగా ఉన్నా పళ్ళు బిగపట్టుకున్నాను. మూడో రోజు పొద్దున చెయ్యి మోచేయి దాకా ఎర్రగా మెరుస్తోంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "చూడు, ఎర్రవడ్డది! కదిలింది ఇగ" అని రమేశ్‌ను దుకాణంలోంచి పిలిచి మరీ చూపించాను. ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో నేను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. అమ్మ ఇంకో చుట్టు రుద్దింది.

మధ్యాహ్నానికి చలి మొదలైంది. మే నెల ఎండలో రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కటకటలాడాయి. దవాఖానకు చేరేసరికి ఎరుపు భుజం దాకా పాకింది. గ్రంథులు లేని చేతిలో నీరు నిలిస్తే అందులో క్రిములు పెరగడం తేలిక, వేడీ మోటు రుద్దుడూ దానికి తోడయ్యాయి. మేము మంచి గుర్తు అనుకున్న ఎరుపు జబ్బు ఎరుపు.

డాక్టరమ్మ చేతిని చూసి, "ఎవలు పిసికిండ్రు దీన్ని?" అని అడిగింది.

"నేనే అమ్మా. నేనే పిసికిన. బిడ్డకు మంచిగైతదనుకున్న" అంది అమ్మ.

డాక్టరమ్మ అందరిముందూ అమ్మను కడిగేసింది. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. నాకు జ్వరం నిజమే, కానీ నోరు పడిపోలేదు. చేయమన్నది నేనే అని ఒక్క మాట అనవలసింది. అనలేదు. శాస్త్రం చదువుకున్నదాన్ని అనిపించుకోవాలన్న పొగరు ఆ జ్వరంలో కూడా దిగలేదు. మా అమ్మ చదువురానిది కాబట్టి ఆ తప్పు ఆమె మీద సరిగ్గా అతికింది, నేను అతకనిచ్చాను. దవాఖాన నుంచి నేను ఇంటికి రాగానే అమ్మ నూనె సీసా కూడా మరిచిపోయి వర్ధన్నపేట వెళ్ళిపోయింది.

జూన్‌లో జ్వరం, ఎరుపు పూర్తిగా తగ్గాకే చేతికి అసలు వైద్యం మొదలైంది. ఫిజియోథెరపీ గదిలో షబానా అని ముప్పై ఏళ్ళ అమ్మాయి ఉండేది. మొదటి రోజు నన్ను పడుకోబెట్టి, "ముందు పొట్ట నిండ ఊపిరి వీల్చు అక్కా, నిదానంగ ఇడువు" అంది. తర్వాత మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. తర్వాత ఎడమ చంక, తర్వాత ఛాతీ మీద అటునుంచి ఇటు. చెయ్యి జోలికే రాలేదు. వచ్చినప్పుడు కూడా ముందు భుజం, చివర్లో మణికట్టు. పైగా ఆ వేళ్ళు చర్మాన్ని కొద్దిగా సాగదీసి వదిలేస్తున్నాయే తప్ప ఒత్తడం లేదు. నాకు చిర్రెత్తింది.

"ఏందమ్మా ఇది, ఈగ వాలినట్టు? గట్టిగ చెయ్యి, నాకేం గాదు" అన్నాను.

షబానా నవ్వింది. "గట్టిగ చేసే కదా అక్కా ఈడికొచ్చినవ్. లింఫ్ దారులు తోలు కిందనే ఉంటయి, సన్నగ. ఒత్తితే మూసుకుంటయి. నీ కుడి చంకల గ్రంథులు తీసిన్రు. గేటు మూసిన రోడ్డు మీద బండ్లను దబాయిస్తె ఎట్ల పోతయ్? ముందు పక్క రోడ్డు ఖాళీ చెయ్యాలె, తర్వాత నిమ్మలంగ అటు మళ్ళియ్యాలె."

అది అర్థమైంది. అయినా నా చదువు ఊరుకోనివ్వలేదు. "మరి ప్రాణశక్తి, చీ, గవన్నీ అబద్ధమా?" అని అడిగాను.

"అబద్ధమని నేనెందుకంట? మనిషి ఒళ్ళు లోపల్నుంచి ఎట్ల అనిపిస్తదో వాళ్ళు చెప్పిండ్రు. ఊపిరి, ఓపిక, ఎదుటి మనిషి మీద ధ్యాస, అవన్నీ అండ్లనే నేర్పిస్తరు. కానీ లింఫ్ అంటే సీసాల పట్టి చూపిచ్చే నీళ్ళు. గా పటం తీసి ఈ పటం మీద పెట్టొద్దు, గంతే."

లింఫ్‌ను నెట్టడానికి గుండెలాంటి పంపు లేదట. సన్నటి దారులు తమంతట తాము కొద్దికొద్దిగా బిగుసుకుంటాయి, కండలు కదలడం, ఊపిరి ఆడటం వాటికి సాయం. పొట్టతో ఊపిరి తీయడం సారు ప్రాణాయామం క్లాసులోనే నేర్పించారు. ఆ మేరకు సారుకు నేను రుణపడే ఉన్నాను, ఎక్కడ పొరపాటు పడ్డానో కూడా అప్పుడే తెలిసింది.

రెండు వారాల తర్వాత షబానా అసలు మాట చెప్పింది. తన దగ్గర వారానికి మూడు రోజులే, ఇంట్లో రోజూ చేయాలి. వీపు మీదా చేయాలి, అక్కడికి నా ఎడమచెయ్యి అందదు. ఇలాగే వదిలేస్తే వాపు గట్టిపడుతుంది, గట్టిపడితే ఇక మెత్తబడదు. అప్పటికే నా వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. ముడుచుకోని వేళ్ళతో, తడి ఒంటితో జారే పసిపిల్లను పట్టుకోలేను. నా బతుకంతా ఆ పట్టులోనే ఉంది.

రమేశ్ నేర్చుకుంటానన్నాడు. పాపం నిజంగానే ప్రయత్నించాడు. కానీ జీవితమంతా స్క్రూలు బిగించిన చెయ్యి, నిమిషానికోసారి తెలియకుండానే బిగిసేది. వద్దంటే సీలింగు ఫ్యాను రెక్క తుడిచినట్టు పైపైన తుడిచేవాడు. నాలుగో రోజు టేపు పెట్టి కొలిస్తే చెయ్యి పెరిగింది. ఆయన టేపు పక్కన పెట్టి, "అత్తమ్మ అయితె చేస్తది. నా చెయ్యి దీనికి రాదు" అన్నాడు. తర్వాత కాస్త ఆగి, "అత్తమ్మ ఎవ్వలకు నీళ్ళు పోస్తలేదట. ఎవలన్న వచ్చి పిలిస్తె నా చెయ్యి మంచిది కాదంటాందట" అన్నాడు.

మర్నాడు వర్ధన్నపేట మీదుగా వెళ్ళే ఖమ్మం బస్సెక్కాను.

అమ్మ గడప దగ్గర కూర్చొని చేటలో పెసలు ఏరుతోంది. నా చేతికి షబానా చుట్టిన కట్టు చూసి, తల దించుకొని మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. నేను నిలబడే చెప్పాను. "అమ్మా, తప్పు నాది. ఒత్తుమన్నది నేను. నువ్వు రుద్దచ్చునా అని అడిగితె చదువుకున్ననని నోరు మూయించింది నేను. దవాఖానల నిన్ను తిడుతాంటె నోరు మూసుకున్నది కూడా నేనే."

అమ్మ చేతిలో పెసలు చేటలోకి వదిలేసింది. చేటను కింద పెట్టింది.

"నువ్వు చెప్తె నేను చెయ్యాల్నా? ముప్పై ఏండ్ల సంది చేస్తాన. మూడో దినం నీ చెయ్యి పొయ్యి లెక్క కాలుతాంటె నా చేతికి తెల్వదా? తెలిసింది బిడ్డా. గది మంచి ఎరుపు కాదని తెలిసింది. కానీ నువ్వు నవ్వుతానవ్. ఎన్ని నెలలకు నవ్వినవ్ నువ్వు. గా నవ్వు చూసి ఊకున్న."

నేను గడప మీద కూలబడి ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది, కానీ నన్ను ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకొని కూర్చుంది. షబానా చేసే ఆ తేలిక మర్దన గురించి చెప్పి, వచ్చి నేర్చుకోమని అడిగాను. "నా చేతికి అల్కగ రాదు" అంది. వచ్చేదాకా నేను పోనని చెప్పి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. మొండితనం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. చివరికి చీర మార్చుకొని నాతో బస్సెక్కింది.

షబానా గదిలో అమ్మ నా మెడ మీద వేళ్ళు పెట్టింది. "ఇంకా తేలిగ్గ పెద్దమ్మా" అని షబానా అంటూనే ఉంది. అమ్మ తేలిక చేసిన ప్రతిసారీ అది నాకు మామూలు మర్దనలాగే తగిలేది. అరగంటకు అమ్మ చెమట తుడుచుకుంటూ వెనక్కి జరిగి, "నాతోని కాదు బిడ్డా, ఇడిసిపెట్టున్రి" అంది. అమ్మ తన వేళ్ళను తనే చూసుకుంటూ ఉంది. ఉన్నట్టుండి అడిగింది.

"పుట్టిన పిల్లకు మాడు మీద నూనె పెట్టినట్టా?"

పసిపిల్ల నడినెత్తిన ఎముక కలవని మెత్తటి చోటు ఉంటుంది, కొట్టుకుంటూ కనిపిస్తుంది. నీళ్ళు పోసే ఏ ఆడమనిషైనా అక్కడ రుద్దదు. నూనె పెట్టి, వేలు ఆనించీ ఆనించనట్టు అలా తిప్పి తీసేస్తుంది. అమ్మ కొన్ని వందల మాడుల మీద అలా నూనె పెట్టి ఉంటుంది.

"గట్లనే పెద్దమ్మా! సరిగ్గ గట్లనే" అంది షబానా.

అమ్మ మళ్ళీ వచ్చి నా మెడ మీద వేళ్ళు ఆనించింది. ఈసారి ఒత్తలేదు. అమ్మ దగ్గర నేర్చుకొని పదిహేనేళ్ళు పని చేశానని చెప్పుకునే నేను, ఆ పనిలో సగం చూడనే లేదని అప్పుడు తెలిసింది.

జూలై నుంచి అమ్మ మట్టెవాడలోనే ఉంటోంది. రోజూ పొద్దున మర్దన, తర్వాత కట్టు, తర్వాత కట్టుతోనే చెయ్యి ఆడించడం. ఎప్పుడైనా చెయ్యి వెచ్చగా అనిపిస్తే, ఒక్క చుక్క ఎరుపు కనబడితే, "ఇయ్యాల వద్దు, డాక్టరమ్మకు చూపెడ్దాం నడువ్" అని నాకంటే ముందు చెప్పులేసుకునేది. వారం వారం టేపుతో కొలిచేవాళ్ళం. దిగింది, ఆగింది, కాస్త పెరిగింది, మళ్ళీ దిగింది. జూలై నెలాఖరుకు పిడికిలి బిగించగలిగాను.

ఈ వాపు పూర్తిగా పోదు. జీవితాంతం తొడుగు వేసుకోవాలి, చేతికి గీత పడకుండా, కాలకుండా చూసుకోవాలి. కాగిన నీళ్ళ గంగాళాలు ఇక నేను ఎత్తను, ఎత్తడానికి ఇంటివాళ్ళు ఉంటారు. మళ్ళీ శిక్షణ కేంద్రానికి వెళ్తున్నాను. జరిగింది సారుకు చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది, కానీ నన్నే పిల్లల ముందు నిలబెట్టి చెప్పమన్నారు. చెప్పాను. శక్తి గురించి చదవండి, ఎదుటి మనిషి ఊపిరి గమనించడం నేర్చుకోండి, అది పనికొస్తుంది. కానీ వాచిన చెయ్యి కనబడితే, కాలు కనబడితే, ముందు మీ చేతులు వెనక్కి పెట్టుకొని డాక్టర్ చూశారా అని అడగండి. వేడిగా ఎర్రగా ఉంటే అసలు ముట్టుకోవద్దు. మీకు ఎంత పని వచ్చినా సరే.

పోయిన ఆదివారం పొద్దున నా చేతి మర్దన అయిపోయాక అమ్మ తన మెడ పట్టుకొని కూర్చుంది. నెలల తరబడి నా మీద వంగి వంగి మెడ పట్టేసిందట. నేను వెనక కూర్చొని ఎడమచేత్తో రుద్దడం మొదలుపెట్టాను.

"గా చెయ్యి కాదు. కుడిచెయ్యి పెట్టు" అంది.

"జోరు చెయ్యొద్దన్నది షబానా."

"జోరు ఎవలు అడిగిండ్రు నిన్ను?"

జబ్బు చేసిన తర్వాత ఆ చేత్తో నేను ఎవరి ఒంటినీ ముట్టుకోలేదు. తొడుగు లోంచి బయటికొచ్చిన వేళ్ళు మాత్రం నూనెలో ముంచి అమ్మ మెడ మీద ఆనించాను. వేళ్ళ కింద అమ్మ మెడనరం తెలిసింది. దాని పక్కన ఎముక, మెత్తటి ముసలి చర్మం, అన్నీ తెలిశాయి. అమ్మ కళ్ళు మూసుకుంది. కాసేపటికి భయమేసి, "ఎట్లున్నదే?" అని అడిగాను.

"మాట్లాడకు" అంది అమ్మ. "చెయ్యి తియ్యకు."